ఉల్లిపొర కాగితాల కింద

ఆదివారం ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కనుక, వాటి ముందున్న ఫుట్‌పాత్ ఆ ఒక్క రోజు పాత పుస్తకాలకు దక్కుతుంది. ఆరేళ్ల కిందట అటువంటి ఒక ఆదివారం నాడు, ఎంట్రన్స్ పరీక్షల గైడ్లకూ కాలం చెల్లిన కంప్యూటర్ పుస్తకాలకూ మధ్య, వెన్ను ఊడిపోయి పురికొసతో కట్టి పెట్టిన లావుపాటి పుస్తకం ఒకటి నా కంటపడింది. ముడి విప్పి చూస్తే మొదటి భాగమంతా ఇంగ్లీషు వచనం, చివరి భాగమంతా ముదురు గోధుమరంగు మందపు కాగితాలు. ఆ కాగితాల మీద అతికించిన రంగుల బొమ్మలు ఉన్నాయి, ఒక్కొక్క బొమ్మ మీదా ఉల్లిపొర వంటి పల్చని కాగితం కప్పి ఉంది. కొన్నిచోట్ల మాత్రం ఉల్లిపొర ఎత్తి చూస్తే కింద బొమ్మ లేదు. ఆరిపోయిన జిగురు మరకలు మాత్రం ఉన్నాయి.

"కొన్ని బొమ్మలు ఎవరో పీక్కపోయిండ్రు మేడమ్, గందుకే మూడు వందలు చెప్తున్న. అన్నీ ఉంటే ఇది ఫుట్‌పాత్ మీదికి ఎందుకొస్తది?" అన్నాడు అమ్మే అతను. బేరం ఆడబుద్ధి కాలేదు.

ఆ పుస్తకం ఆర్థర్ రాకమ్ బొమ్మలు వేసిన ‘పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్’. జె. ఎం. బారీ 1902లో పెద్దల కోసం రాసిన ఒక నవలలోని కొన్ని అధ్యాయాలను విడదీసి, 50 రంగుల బొమ్మలు చేర్చి, 1906లో లండన్‌లోని హాడర్ అండ్ స్టౌటన్ వారు దీనిని పిల్లల పుస్తకంగా వెలువరించారు. బొమ్మలను కథ మధ్యలో కాక పుస్తకం చివర ఒకేచోట పెట్టారు. బొమ్మ కింద ఉండవలసిన వాక్యాన్ని పైన కప్పిన ఉల్లిపొర కాగితం మీద అచ్చువేశారు. నా ప్రతికి మొదటి పుటలు లేవు కనుక అది ఏ ముద్రణో చెప్పలేను. ఇంటికి వచ్చి లెక్కపెడితే 31 బొమ్మలు మిగిలాయి, 19 పోయాయి. బొమ్మలు పీకినవారికి ఉల్లిపొరలతో పని లేకపోయింది కాబట్టి పోయిన బొమ్మల వాక్యాలు మాత్రం అన్నీ ఉన్నాయి.

నేను చిక్కడపల్లిలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. మొదట ప్రూఫులు చూసేదాన్ని, తరువాత రంగుల పని నా చేతికి వచ్చింది. అందువల్ల ఏ పాత బొమ్మ దొరికినా ముందు కథ చదవను, చుక్కలు చూసే భూతద్దం పెట్టి అచ్చు చూస్తాను. రాకమ్ బొమ్మల మీద అద్దం పెట్టగానే, మా పనిలో మేము రోజూ చూసే నాలుగు రంగుల గులాబీ ఆకారపు చుక్కల గుంపులు కాక, పసుపు, ఎరుపు, నీలం అనే మూడు రంగుల చుక్కలే కనిపించాయి. నలుపు వేరుగా లేదు. ఆ కాలపు త్రివర్ణ పద్ధతి అది. చిత్రకారుడు వేసిన అసలు బొమ్మను మూడు రంగుల ఫిల్టర్ల గుండా మూడుసార్లు ఫొటో తీస్తారు, సన్నని గళ్ల అద్దం అడ్డుపెట్టి రంగును చుక్కలుగా విడగొడతారు, ఆ చుక్కలను రాగి రేకుల మీద ఆమ్లంతో చెక్కి మూడు బ్లాకులు చేస్తారు. ఆ మూడింటినీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తప్పకుండా కొట్టాలి. అంత సన్నని చుక్క మామూలు పుస్తకపు కాగితం మీద నిలవదు, సున్నపు పూత వంటి నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపరు కావాలి. కథ ఒక కాగితం మీద, బొమ్మ ఇంకొక కాగితం మీద అచ్చయి తరువాత చేత్తో అతికించవలసి రావడానికి కారణం ఇదే. అతికించినది కనుకనే వందేళ్ల తరువాత ఎవరో అంత తేలికగా పీకగలిగారు.

ఇందులో రాకమ్ తెలివి నాకు బాగా నచ్చింది. ఆయన 1867లో పుట్టిన లండన్ మనిషి. పగలు ఒక అగ్నిబీమా సంస్థలో గుమాస్తాగిరీ చేస్తూ సాయంత్రాలు బొమ్మలు నేర్చుకున్నాడు. ముందు సిరాతో గీత గీసి, దాని మీద పల్చటి నీటిరంగులను పొరలు పొరలుగా వేస్తాడు. ఆ రంగులలో పచ్చిగా అరిచేది ఏదీ ఉండదు, అన్నీ తేయాకు డికాక్షన్‌లో ముంచి తీసినట్టుంటాయి. మూడు బ్లాకులు కొట్టేటప్పుడు ఒకటి కొంచెం జరిగితే, అంటే మా భాషలో రిజిస్టర్ తప్పితే, పచ్చి రంగుల బొమ్మలో అది వెంటనే పట్టిస్తుంది, ఈ మట్టిరంగుల బొమ్మలో కలిసిపోతుంది. ఆయన రంగులను అందుకోసమే ఎంచుకున్నాడని నేను అనను కానీ, యంత్రం ఏమి చేయగలదో ఏమి చేయలేదో తెలిసిన చేయి అది అని మాత్రం నా అనుభవంతో చెప్పగలను. ప్రెస్సులో పనిచేసిన రోజుల్లో ఆ సంగతి తెలియని ఆర్టిస్టులతో నేను పడిన పాట్లు ఇక్కడ చెప్పుకోవడం మొదలుపెడితే ఈ వ్యాసం పూర్తికాదు.

ఇంతకీ ఈ బొమ్మలలో ఫెయిరీలు, అంటే ఇంగ్లీషు కథలలోని చిట్టి మాయప్రాణులు, ఉంటారు. ఆ మాటకు తెలుగులో సరైన మాట లేదు. దేవకన్య అంటే ఎత్తు ఎక్కువైపోతుంది, యక్షిణి అంటే భయం కలుగుతుంది. మన హైదరాబాదులో పుట్టి పెరిగినవారికి మాత్రం ఉర్దూ ‘పరీ’ చేతికి అందుబాటులో ఉంది. వినడానికి రెండూ అక్కాచెల్లెళ్ల లాగానే ఉన్నా, పరీ పారశీకం నుంచి, ఫెయిరీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాటలు, వాటికి చుట్టరికం లేదు. నేను ఫెయిరీ అనే రాస్తాను.

బారీ ఫెయిరీలు ఎక్కడో మబ్బుల మీద ఉండరు. వాళ్లది లండన్ నడిబొడ్డున నిజంగా ఉన్న ఒక పార్కు, ఇనుప కంచె, చెరువు, మూసే వేళ చెప్పే బోర్డు ఉన్న పార్కు. సాయంత్రం గేట్లు మూసి మనుషులందరూ వెళ్లిపోయాక వాళ్లు బయటికి వస్తారు. నాట్యం ఉన్న రాత్రి తొందరగా మొదలుపెట్టాలనిపిస్తే, ఏడింటికి మూస్తామని ఉన్న బోర్డును ఆరున్నరకు మూస్తామని మార్చేస్తారు. ఈ బోర్డు మార్చడాన్ని రాకమ్ ఒక బొమ్మగా వేశాడు. అదృష్టవశాత్తు అది నా ప్రతిలో మిగిలిన 31లో ఒకటి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో చీకటి పడే వేళ వాచ్‌మన్ ఈల ఊదుతూ అందరినీ బయటికి పంపించడం చూసినప్పుడల్లా నాకు ఈ బొమ్మ గుర్తుకు వస్తుంది, ఆ ఈల కూడా అరగంట ముందే ఊదుతున్నారేమోనని చేతి గడియారం చూసుకుంటాను.

ఫెయిరీ బొమ్మను నమ్మించేది ఫెయిరీ కాదని ఈ పుస్తకం తిరగేస్తూ ఉండగా నాకు మెల్లగా అర్థమయింది. ఫెయిరీ ఎలా ఉంటుందో చూసినవారు లేరు కనుక ఆమెను ఎలా గీసినా తప్పు పట్టేవారు ఉండరు. చెట్టు వేరు, ఎండుగడ్డి, ఆకు మీద పురుగు తిన్న కన్నం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, అక్కడ ఒక్కటి తప్పినా పిల్లలే పట్టుకుంటారు. రాకమ్ ఆ తెలిసిన వస్తువుల మీదనే ప్రాణం పెట్టాడు. ఆయన చెట్ల మొదళ్లు ముసలివాళ్ల మోకాళ్లలాగా కణుపులు తేలి, వేళ్లు తిరిగి ఉంటాయి. ఒక్కొక్క వేరును అది మట్టిలోకి దిగేదాకా గీత విడవకుండా వెంబడించాడు. ఆ వేళ్ల సందున నిలబడిన బొటనవేలంత మనిషిని మాత్రం చూసీ చూడనట్టు నాలుగు గీతలలో వేసి వదిలాడు. కన్ను వేరు వెంట వెళుతూ వెళుతూ ఆ మనిషికి తట్టుకుంటుంది, అప్పటికే వేరును నమ్మింది కనుక మనిషినీ నమ్ముతుంది.

కొలతల విషయమూ అంతే. ఒక బొమ్మలో ఫెయిరీల రాణిగారికి వేళ ఎంతయిందో తెలియాలి, అందుకని డాండెలియన్ అనే గడ్డిపువ్వు ఎండి తెల్లని నూగుగా విచ్చుకున్న గుండును ఊదుతారు. ఇంగ్లండు పిల్లలు ఆ నూగును ఊది, ఎన్ని ఊదులకు మొత్తం రాలిందో లెక్కపెట్టి గంట ఎంతో చెప్పుకునే ఆట ఒకటి ఉంది, రాణిగారి గడియారం అదన్నమాట. చిన్నప్పుడు మేము జిల్లేడు కాయ పగిలి ఎగిరే దూదిని ఊదేవాళ్లం కానీ దానితో గంటలు లెక్కపెట్టాలని మాకు తోచలేదు. మనిషి పిడికిలిలో పట్టే పువ్వు ఒక దర్బారుకు గడియారమయిందంటే ఆ దర్బారు ఎంతదో చదివేవారికి లెక్క దానంతట అదే తేలుతుంది, ఎన్ని అంగుళాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ ధోరణిని చివరిదాకా తీసుకెళ్లినది సిసిలీ మేరీ బార్కర్ అనే చిత్రకారిణి. లండన్ పక్కన క్రోయ్‌డన్‌లో ఉండేది, చిన్నతనంలో మూర్ఛవ్యాధి వల్ల బడికి సరిగా వెళ్లలేకపోయింది. ఆమె ‘ఫ్లవర్ ఫెయిరీస్ ఆఫ్ ది స్ప్రింగ్’ 1923లో వచ్చింది. ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్క ఫెయిరీ, ఒక్కొక్క చిన్న పద్యం, మొత్తం 24 బొమ్మలకూ పద్యాలకూ కలిపి ప్రచురణకర్తలు ఆమెకు ఇచ్చినది 25 పౌండ్లు. ఆ పుస్తకాలు ఈనాటికీ అమ్ముడవుతున్నాయి కనుక ఆ 25 పౌండ్ల దగ్గర నా మనసు కొంచెంసేపు ఆగిపోతుంది. బార్కర్ పువ్వును ఎదురుగా పెట్టుకుంటే తప్ప గీసేది కాదు, దొరకని మొక్కలను లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర ఉద్యానవనం వారు తెచ్చి ఇచ్చేవారు. బొమ్మలకు నిలబడినది ఆమె అక్క నడిపే చిన్నపిల్లల బడిలోని పిల్లలు. ఒక్కొక్కరికీ ఏ పువ్వును గీస్తోందో ఆ పువ్వు రంగుతో, రేకుల ఆకారంతో తానే దుస్తులు కుట్టి, సన్నని పుల్లలకు జాలీగుడ్డ బిగించి రెక్కలు చేసి వీపుకు కట్టి నిలబెట్టేది. ఆ బొమ్మలను చూస్తే పువ్వు వృక్షశాస్త్ర పుస్తకంలో పెట్టదగినంత కచ్చితంగా ఉంటుంది, పిల్లవాడు పక్కింటి పిల్లవాడిలా ఉంటాడు, బొమ్మ మొత్తంలో కల్పన అన్నది ఆ జాలీగుడ్డ రెక్కల వరకే.

రెక్కల దగ్గరికి వచ్చాము కనుక ఒక మాట. రాకమ్ ఫెయిరీలకూ బార్కర్ ఫెయిరీలకూ తూనీగ రెక్కలో, సీతాకోకచిలుక రెక్కలో ఉంటాయి, పక్షి రెక్కలు ఉండవు. పక్షి రెక్కలు అక్కడ దేవదూతలకు చెందినవి. దేవదూత గుడిలో ఉంటుంది, ఫెయిరీ పెరటిలో ఉంటుంది. పెరటిలో ఎగిరే చిన్న ప్రాణి పురుగు కనుక దానికి పురుగు రెక్కలే తగిలించారు. పారశీక సూక్ష్మచిత్రాలలోని పరీలకు ఆ పెరటి సమస్య లేదు. వాళ్లు నిలువెత్తు మనుషులు, రంగురంగుల ఈకల రెక్కలతో ఉంటారు. అంటే రెక్క చూస్తే అది ఎవరి కథలోని మనిషో పోల్చుకోవచ్చు.

మన దేవకన్యకు రెక్క లేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టిన సంగతి. చిన్నప్పుడు నాన్నగారు నెలనెలా తెచ్చే చందమామ కోసం నేనూ అన్నయ్యా కొట్టుకునేవాళ్లం. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి గారలు మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికలో చిత్ర, శంకర్, వపా వంటివారు వేసిన బొమ్మలే మాకు ప్రపంచం. వాటిలో దేవకన్య ఆకాశం నుంచి దిగినా, తిరిగి ఎగిరిపోయినా నేను ఒక్కనాడూ ‘రెక్కలు ఏవి?’ అని అడగలేదు, ఎందుకంటే నాకు కావలసిన సమాచారం పైటలో ఉండేది. పైట కొంగు తలకంటే పైకి లేచి ఉంటే ఆమె దిగుతోంది. కొంగు కాళ్ల కిందుగా జారి తేలుతుంటే ఆమె వెళ్లిపోతోంది. పక్కకు పరుచుకుని ఉంటే ఒకే ఎత్తులో సాగుతోంది. ఈ వ్యాకరణం మాకు ఎవరూ నేర్పలేదు, అయినా కథ చదవకముందే బొమ్మ చూసి, వచ్చిందో పోయిందో అన్నయ్యా నేనూ పందెం వేసుకునేవాళ్లం.

ఈ వ్యాకరణం చందమామది కూడా కాదు. అజంతా 17వ గుహలోని ఎగిరే అప్సర అందరికీ తెలిసిన బొమ్మే. ఆమెకూ రెక్కలు లేవు, మెడలోని హారాలు మాత్రం ఒక పక్కకు ఊగి ఉంటాయి. ఆమె ఎటు సాగుతోందో, ఎంత వేగంతో సాగుతోందో ఆ హారాల వంపు చెబుతుంది. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది కనుక ఆ చిత్రాల నకళ్లు హైదరాబాదుకు వచ్చాయి. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో వాటికోసమే ఒక గది ఉంది. అక్కడికి వచ్చే పిల్లలందరూ ఈజిప్టు మమ్మీని చూడటానికి పరుగెడతారు కాబట్టి అజంతా గది సాధారణంగా ఖాళీగా ఉంటుంది, నాకు అది మంచిదే. నకళ్ల ముందు నిలబడి, హారాలనూ చెవి లోలాకులనూ కొప్పు దండలనూ మాత్రమే చూసుకుంటూ వెళితే, గాలి ఎటు వీస్తోందో గోడ పొడవునా తెలుస్తూ ఉంటుంది.

ఇక్కడ మన కథ కూడా కలుస్తుంది. దేవకన్యలు కొలనులో స్నానానికి దిగుతారు, చాటున ఉన్న కుర్రవాడు ఒకామె చీర దాచేస్తాడు, ఆమె పైకి వెళ్లలేకపోతుంది. అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు నేను అది సిగ్గుకు సంబంధించిన విషయమనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కుర్రవాడు దాచినది చీరను కాదు, రెక్కలను. ఐరోపా కథలలో హంసకన్య ఈకల వస్త్రాన్ని దాచేవాడు చేసే పనీ ఇదే. కాకపోతే మన రెక్క గుడ్డ కనుక విప్పి గట్టున పెట్టవచ్చు, మడత పెట్టి పెట్టెలో దాచవచ్చు, ఏళ్ల తరువాత పిల్లవాడు ఆ పెట్టె తెరిచి అమ్మకు చూపించవచ్చు. రాకమ్ ఫెయిరీకి అటువంటి కథ రాయడం కుదరదు, ఆమె రెక్క భుజం ఎముక దగ్గర శరీరంలోంచి మొలిచి ఉంటుంది. అందుకే ఇంగ్లీషు చిత్రకారుడికి రెక్కను వీపుకు ఎక్కడ అతకాలి, రవిక వెనక ఎంత కత్తిరించాలి అనే దర్జీ సమస్య వస్తుంది. చందమామ చిత్రకారుడికి ఆ బాధ లేదు, గాలి ఎటు వీస్తోందో తెలిస్తే చాలు. నాకు ఈ రెండవ పద్ధతే ఎక్కువ ఇష్టం. ఇది అలవాటు వల్ల వచ్చిన ఇష్టం కూడా కావచ్చు.

ఇంగ్లీషు ఫెయిరీల ఆ పురుగు రెక్కలు ఎంత నమ్మించాయంటే, బార్కర్ పుస్తకానికి ముందే ఒకసారి అవి సాక్ష్యంగా కూడా నిలబడ్డాయి. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీ గ్రామంలో ఎల్సీ రైట్ అనే పదహారేళ్ల అమ్మాయి, ఆమెకు దగ్గరి బంధువైన తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్ గ్రిఫిత్స్ కలిసి, వాగు పక్కన ఫెయిరీలు నాట్యం చేస్తుంటే ఫొటో తీశామన్నారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి, 1920 చివర ‘స్ట్రాండ్’ పత్రికలో వాటిని అచ్చువేయించాడు. 1983లో, ఆ అమ్మాయిలు ముసలివాళ్లయ్యాక, అవి అట్టకాగితం మీద గీసి కత్తిరించి టోపీ పిన్నులతో మట్టిలో గుచ్చిన బొమ్మలని ఒప్పుకున్నారు. ఎల్సీ ఆ బొమ్మలను 1914లో వచ్చిన ‘ప్రిన్సెస్ మేరీస్ గిఫ్ట్ బుక్’ అనే పిల్లల పుస్తకంలోంచి చూసి గీసింది, రెక్కలు మాత్రం తానే చేర్చింది. ఆ పుస్తకంలోనే డాయిల్ రాసిన కథ కూడా ఒకటి ఉంది. తన కథ అచ్చయిన పుస్తకాన్ని ఆయన తిరగేసి చూసుకోలేదో, చూసినా పోల్చుకోలేదో తెలియదు. ఆయన పెదతండ్రి రిచర్డ్ డాయిల్ స్వయంగా ఫెయిరీల చిత్రకారుడు, 1870 నాటి ‘ఇన్ ఫెయిరీల్యాండ్’ ఆయనదే. ఇంట్లోనే అంత పెద్ద ఫెయిరీ బొమ్మల సంప్రదాయం ఉన్న మనిషి బొమ్మను బొమ్మగా గుర్తుపట్టలేకపోయాడు. నేను ఆ ఫొటోలను ఇంటర్నెట్‌లో పెద్దవి చేసి చూశాను. చెట్టు కొమ్మలూ వాగూ కొంచెం కదిలి మసకగా ఉన్నాయి, ఫెయిరీల అంచులు కత్తెరతో కోసినంత పదునుగా ఉన్నాయి. రాకమ్ దీనికి సరిగ్గా తిరగవేసి చేశాడు, వేరును పదునుగా ఉంచి ఫెయిరీని మసకలో కలిపాడు.

రాకమ్ పుస్తకం వంటి అతికింపు బొమ్మల పుస్తకాల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. క్రిస్మస్ కానుకగా కొనేవారు కొనగా, అసలు చిత్రాలను లండన్‌లోని లెస్టర్ గ్యాలరీస్‌లో ప్రదర్శనకు పెట్టి అమ్మగా, కొన్నేళ్లు బాగా నడిచింది. ఎడ్మండ్ డ్యులాక్, కై నీల్సన్ వంటి గొప్ప చిత్రకారులు ఆ గాలిలోనే పైకి వచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంతో కాగితం, కూలి, కొనేవారి చేతిలో డబ్బు అన్నీ తారుమారయి ఆ ఖరీదైన అతికింపు పుస్తకాలు తగ్గిపోయాయి.

నా పుస్తకం కథ ఇంకొంచెం ఉంది. వెన్ను బాగుచేయించాలని ఒక బైండరుకు ఇచ్చాను. అంచులు ముట్టవద్దని రెండుసార్లు చెప్పాను. అతను అలవాటు కొద్దీ మూడు వైపులా కటింగ్ కొట్టి, నీటుగా చేశానని సంతోషంగా చేతికిచ్చాడు. గోధుమరంగు కాగితాల అంచులు అరంగుళం మేర పోయాయి. కోప్పడబోయి, ఏడో తరగతిలో నేను చందమామ దేవకన్యలను కత్తిరించి సైన్సు నోటుబుక్కులో అన్నంమెతుకులతో అతికించుకున్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆ 19 బొమ్మలు పీకినవారు కూడా బహుశా ఎక్కడో చక్కటి ఫ్రేములు కట్టించి ఉంటారు. బొమ్మ బతికే ఉంటుంది కానీ పుస్తకానికి మాత్రం పళ్లూడిన నోరు మిగులుతుంది.

పోయిన బొమ్మలు ఇప్పుడు దొరకనివేమీ కావు. పాత పుస్తకాల స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిలో 18 బొమ్మలను నేను అక్కడ చూసి వచ్చాను. తెర మీద వెలుగు వెనక నుంచి వస్తుంది కనుక రాకమ్ డికాక్షన్ రంగులు కొంచెం పాలు పోసినట్టయ్యాయి, అయినా చూడగలిగినందుకు సంతోషించాను. ఒక్కదాన్ని మాత్రం చూడకుండా ఉంచుకున్నాను. దాని ఉల్లిపొర మీది వాక్యానికి తెలుగు ఇది: కుక్కగొడుగును రంపంతో కోస్తున్న పనివాళ్లు పనిముట్లు అక్కడే వదిలేసి పరుగుతీశారు.

ఈ వాక్యం చదివినప్పటి నుంచి నేను ఆ రంపం గురించి ఆలోచిస్తున్నాను. కుక్కగొడుగు కాడ మెత్తగా పీచుపీచుగా ఉంటుంది, అడ్డకోత రంపం పెడితే పళ్లకు చుట్టుకుంటుంది. ఇద్దరు అటూ ఇటూ నిలబడి లాగే రంపమై ఉంటుందా? కోసిన గొడుగు ఎటు పడుతుందో చూసేవాడు ఒకడు దూరంగా నిలబడి ఉంటాడా? వాళ్లు వదిలేసిన పనిముట్లలో టీ క్యాను ఒకటి ఉండి ఉంటుందా? మా ప్రెస్సులో మెషిన్ ఆపి పరుగెత్తవలసి వస్తే మేము ముందు వదిలేది టీ గ్లాసునే.

మొన్న సాయంత్రం ఆ ఉల్లిపొరను జాగ్రత్తగా ఎత్తి బల్లమీది దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. బొమ్మ మీద ఎన్నో దశాబ్దాలు ఒత్తుకుని ఉన్న కాగితం కనుక సిరాలోని నూనె దానికి అంటుకుని, లోపలి వైపున ఒక పల్చటి గోధుమరంగు నీడ దిగింది. మా పనిలో దీన్ని సెట్-ఆఫ్ అంటాము, కొత్త అచ్చులో వస్తే షీటు పారేస్తాము. భూతద్దం పెట్టి చూశాను. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి అయి, మధ్యలో గుండ్రంగా ఒక మరక ఉంది, దాని కింద నిలువుగా ఇంకొకటి. నిలువు మరకకు సగం ఎత్తులో, ఎడమ పక్కన, కొంచెం తెల్లగా, అంటుకోకుండా మిగిలిపోయిన చిన్న గాటు ఉంది. దాన్ని రంపం అనుకోవచ్చునో లేదో ఇంకా తేల్చుకోలేదు.